మనిద్దరం

స్లొవేనియా వాళ్ళ రెండు యూరోల నాణెం మీద రాజు బొమ్మ ఉండదు, నాయకుడి బొమ్మ ఉండదు. ఫ్రాన్సె ప్రెషెరన్ అనే కవి బొమ్మ ఉంటుంది. ఆయన పోయిన ఫిబ్రవరి 8న దేశమంతా సెలవు. అంతా కలిపి 20 లక్షలు దాటిన జనం, మన దగ్గర ఓ మాదిరి జిల్లా అంత. ఆ కవుల్ని మనం చదవాలంటే ఇంగ్లీషు గుమ్మంలోంచే వెళ్ళాలి.

ఆ గుమ్మంలో తొమాజ్ షాలమున్ (1941-2014) ముందు కనిపిస్తాడు. 1964లో ఆయన్ని ఐదు రోజులు జైల్లో పెట్టారు. ఆయన కవితలో ఒక చచ్చిన పిల్లి ఉంది. అప్పటి పెద్ద నాయకుడొకాయన ఇంటిపేరు మాచెక్, అంటే గండుపిల్లి. ఇంకేముంది! ఇంగ్లీషులో అది ఉత్త పిల్లే. ఫర్వాలేదు, కింద చిన్న వివరణ రాస్తే సరిపోతుంది. అలేష్ ష్టేగర్ అయితే గుడ్డు, రాయి, తురుముపీట లాంటి వాటి మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. బ్రయాన్ హెన్రీ దాన్ని ఇంగ్లీషు చేస్తే 2010లో అమెరికాలో అచ్చయింది, మరుసటి ఏడాది అనువాద కవిత్వానికి బహుమతి కూడా తెచ్చుకుంది. వస్తువులు సులువుగానే సరిహద్దు దాటతాయి.

దాటనిది వ్యాకరణం. రామః, రామౌ, రామాః అని చిన్నప్పుడు వల్లె వేసిన వాళ్ళకి ద్వివచనం గుర్తుండే ఉంటుంది. స్లొవేనియాలో అది పరీక్ష కోసం కాదు, కూరగాయల కొట్టు దగ్గర కూడా వాడతారు. ఇద్దరుంటే 'మిద్వ', ముగ్గురైతే 'మి'. క్రియ కూడా మారుతుంది. ప్రేమ కవితలో మొదటి పాదం ద్వివచనంలో ఉండి, చివరి పాదం బహువచనంలోకి జారిందనుకోండి. గదిలోకి మూడో మనిషి వచ్చేసినట్టే! ఇంగ్లీషులో రెండు చోట్లా 'వుయ్' అనే ఉంటుంది. మనకి ఏమీ తెలీదు.

తెలుగులో ద్వివచనం లేదు గానీ 'మనిద్దరం' ఉంది. ఇంట్లో రోజూ అనే మాట, కవితలో పెడితే బరువెక్కదు. కాకపోతే మనకి ఇంకో చిక్కు ఉంది. కవి ఆమెతో మాట్లాడుతుంటే 'మనం', మనతో మాట్లాడుతుంటే 'మేము'. ఆ తేడా స్లొవేనియన్‌కీ లేదు, ఇంగ్లీషుకీ లేదు. అది అనువాదకుడే తేల్చుకోవాలి. ఇద్దరా, ముగ్గురా అన్నది మాత్రం మూలంలో రాసే ఉంటుంది. దాన్ని కూడా ఊహించి రాయడం ఎందుకు?

ఎదురు పేజీలో మూలం ఉన్న పుస్తకం దొరికితే, భాష రాకపోయినా క్రియల చివర చూడండి. ఇలాంటి 'వుయ్' దగ్గర 'వ' ఉంటే ఇద్దరు, 'మొ' ఉంటే అంతకంటే ఎక్కువమంది.

ఈ మధ్య నేనూ ఒక కవిత తెలుగు చేస్తూ, ప్రేమ కవితే కదా అని 'మనిద్దరం' అని రాసేశాను. తర్వాత మూలం చూస్తే 'మొ' ఉంది. కొట్టేసి 'మేము' అని పెట్టాను. 'మనం' అనాలేమో, ఇంకా తేలలేదు.