వేలికి తెలిసినది యంత్రానికి తెలియాలంటే

ఆపరేషన్లు చేసే రోబోల గురించి పత్రికలలో చదివి, ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలు కొందరు అందులోనే పరిశోధన చేయాలని ఆశపడుతున్నారు. మంచి ఆశే. అయితే ఆ దారి ఏ బ్రాంచిలో, ఏ దేశంలో మొదలవుతుందని అడిగితే మా జవాబు వింతగా తోచవచ్చు. అది గాయాలు కుట్టే గదిలో మొదలవుతుందని మా అభిప్రాయం.

ప్రతి యేటా దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రల దెబ్బలకు తలలు పగలడం మన ప్రాంతంలో అందరికీ తెలిసినదే. కొండ దగ్గరి వైద్య శిబిరంలో కట్లు కట్టి, గట్టి దెబ్బలు తగిలినవారిని ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు పంపుతారు. (ఆచారం మంచిచెడ్డలు ఇక్కడ మా విషయం కాదు.) తలమీద చర్మం చీలినప్పుడు కుట్లు వేసే ముందు డాక్టరు గ్లవ్ తొడిగిన వేలితో లోపల ఎముకను తడిమి చూస్తారు. ఎముక ఎక్కడైనా లోపలికి దిగిందా, అంచు తగులుతున్నదా అని. చిక్కేమిటంటే, చర్మం కింద రక్తం గూడుకట్టి ఉబ్బినప్పుడు మధ్యలో మెత్తగా, చుట్టూ గట్టిగా తగిలి ఎముక దిగినట్టే భ్రమ కలుగుతుంది. అనుభవమున్న వేలు కూడా మోసపోతుంది. అందుకే అనుమానముంటే సి.టి. స్కాన్ తీయిస్తారు.

ఇలా తాకి తెలుసుకునే శక్తిని యంత్రాల ద్వారా అందించే శాస్త్రమే హాప్టిక్స్. డావిన్సీ అనే శస్త్రచికిత్స రోబోకు అమెరికాలో 2000లో అనుమతి లభించింది. దానితో డాక్టరుకు లోపలి భాగాలు పెద్దవిగా, స్పష్టంగా కనిపించేవి గాని చేతికి దాదాపు ఏమీ తెలిసేది కాదు. దారం ఎంత బిగిసిందో కంటితోనే అంచనా కట్టాలి. లాగే, నెట్టే బలం చేతికి తెలిసే ఏర్పాటున్న డావిన్సీ 5కు అనుమతి వచ్చింది 2024లో! ఇంత ఆలస్యమెందుకు? కంటికి సెకనుకు ముప్పై బొమ్మలు చాలు, కదిలినట్టే ఉంటుంది. గట్టి వస్తువును తాకినట్టు చేతికి అనిపించాలంటే సెకనుకు సుమారు వెయ్యిసార్లు బలాన్ని లెక్కకట్టి అందించాలి. కాస్త జాప్యమైతే పట్టుకున్న పిడి వణకడం మొదలుపెడుతుంది.

బెంగుళూరులో సివిల్ ఇంజనీరింగ్ చదివిన మండయం శ్రీనివాసన్ గారు అమెరికాలో యేల్‌లో డాక్టరేట్ పొందాక నేరుగా రోబోల దగ్గరకు పోలేదు. అక్కడి వైద్య కళాశాల మత్తువైద్య విభాగంలో చేరారు. తరువాత 1990లో ఎం.ఐ.టి.లో టచ్ ల్యాబ్ స్థాపించారు. 2002లో ఆయన బృందం ఎం.ఐ.టి.లో ఒకరు, లండన్‌లో ఒకరు కంప్యూటర్‌లోని ఒకే పెట్టెను ఇంటర్నెట్ ద్వారా కలిసి ఎత్తేలా చేసింది. ఒకరు నెడితే మరొకరి చేతికి తెలిసింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1979లో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరైన రాజ్ రెడ్డి గారు గిండీలో చదివిందీ సివిల్ ఇంజనీరింగే. బ్రాంచి కోసం ఇళ్లలో జరిగే పోట్లాటలు కొంత తగ్గించుకోవచ్చు.

కోట్ల ఖరీదు చేసే రోబో కోసం ఆదోని, ఎమ్మిగనూరు ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. మనకు ముందు కావలసినది చేతులకు శిక్షణనిచ్చే పరికరం. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో అలిసన్ ఒకమురా గారి బృందం ఆన్‌లైన్ పాఠాల కోసం తయారుచేసిన హాప్‌కిట్‌ను విద్యార్థులే చిన్న మోటారు, సర్క్యూట్ బోర్డుతో కూర్చుకున్నారు. కర్నూలులో 2015లో మొదలైన ట్రిపుల్ ఐటి డి.ఎం. ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. ఇద్దరూ కలిస్తే ఒక రబ్బరు తల తయారుచేయలేరా? ఒకచోట ఎముక దిగినట్టు, మరొకచోట రక్తం ఉబ్బినట్టు, ఎంత గట్టిగా నొక్కామో చెప్పే సెన్సర్‌తో. కొత్త హౌస్ సర్జన్లు దసరాకు ముందే దానిమీద వేలికి అలవాటు చేసుకోవచ్చు.

ఇటువంటి ప్రాజెక్టు తలపెట్టే విద్యార్థులు ఆసుపత్రివారి అనుమతితో, రోగి ఒప్పుకుంటేనే, వారం రోజులు కుట్లు వేసే గదిలో నిలబడి చూడండి. డాక్టరు ఏ వేలు వాడుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎందుకు రెండోసారి తడుముతున్నారు అని అడిగి రాసుకోండి.