పిల్లల్లో సెప్సిస్: రక్తపరీక్ష సాయమే, తీర్పు కాదు

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలేసరికి రోజులు గడిచాయి. సెప్సిస్ బారిన పడ్డ బిడ్డకు అంత గడువు ఉండదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో శరీరం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి ఇది.

ఏ క్రిమో చెప్పే బ్లడ్ కల్చర్‌కు సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ గంటల్లోనే తెలుస్తాయి. కానీ పెద్ద గాయమైనా, ఆపరేషన్ అయినా ఇవి పెరుగుతాయి. జబ్బు మొదట్లో సీఆర్‌పీ మామూలుగానే కనిపించొచ్చు. 2024లో వచ్చిన ఫీనిక్స్ ప్రమాణాలు వీటిని లెక్కలోకి తీసుకోలేదు. లాక్టేట్, ప్లేట్‌లెట్లతో పాటు బీపీ, శ్వాస, స్పృహ చూడమన్నాయి.

షాక్‌లో ఉన్న బిడ్డకు గంటలోపు యాంటీబయాటిక్ పడాలన్నది 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం. ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అయినా కొల్లేరు లంక గ్రామాల నుంచి అక్కడికి చేరేసరికే ఆ గంట కరిగిపోవచ్చు. అందుకే కైకలూరు లాంటి దగ్గరి చోటే మొదటి డోసు వేసి పంపే ఏర్పాటే ముందు కావాలి. ఖరీదైన పరీక్షలు ఆ తర్వాతే.

జ్వరంతో బిడ్డ మగతగా ఉన్నా, ఆయాసపడుతున్నా, కాళ్లూ చేతులూ చల్లబడినా రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.