తాళం ఎవరి కోసం?

పరిశోధకుల సమాచారం ఇంకా పెన్‌డ్రైవ్‌లలో తిరుగుతోంది. దాన్ని విశ్వవిద్యాలయం సర్వర్లో పెట్టడం తేలికే. అక్కడి నుంచి పరిశోధకుడి బల్ల మీదికి భద్రంగా తేవడమే అసలు పరీక్ష

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్‌కు ఆ పేరు కర్నల్ హెన్రీ వాట్సన్ అనే ఇంజనీరు వల్ల వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో ఆయన ఇక్కడ ఓడలు కట్టించాడు. 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరిచాక బతుకుతెరువు వెతుక్కుంటూ బీహారు నుంచి, ఒడిశా నుంచి కూలీలు దిగారు. వాళ్ల వెనకే చిన్న హోటళ్లు, సారా దుకాణాలు, సెక్స్ వర్కర్ల వాడ వచ్చాయి. కలకత్తా విశ్వవిద్యాలయం అలీపూర్ ప్రాంగణం, నేషనల్ లైబ్రరీ ఇక్కడికి దగ్గరే. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కూడా పెద్ద దూరమేమీ కాదు. వలసల మీదో, కార్మికుల మీదో, ప్రజారోగ్యం మీదో పరిశోధించేవారికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

అలాంటి ఒక పీహెచ్‌డీ విద్యార్థినిని ఊహించుకోండి. నలభై మంది మహిళలతో మాట్లాడింది. వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరు తీసుకొచ్చారో, ఒంట్లో ఏ జబ్బు ఉందో, ఊళ్లో పిల్లలకు ఏమని చెప్పుకున్నారో అంతా ఆమె ఫోన్లో రికార్డయింది. రాత్రి గదికి వెళ్లి దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. లాప్‌టాప్ పాడవుతుందేమోనని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకుంది. పెన్‌డ్రైవ్ పోతుందేమోనని సొంత ఈమెయిల్‌తో వచ్చే ఉచిత క్లౌడ్ ఖాతాలో మరొకటి దాచింది. మాటలను కాగితం మీద పెట్టడానికి ఒక స్నేహితురాలికి వాట్సాప్‌లో ఇంకొకటి పంపింది. లెక్క వేస్తే అయిదు కాపీలు. ఏ ఒక్కటీ ఆమె చదువుతున్న విశ్వవిద్యాలయం చేతిలో లేదు. కానీ ఆ నలభై మందితో సంతకం చేయించుకున్న పత్రం మీద ఉన్నది మాత్రం విశ్వవిద్యాలయం పేరే. అందులో ‘మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం’ అన్న హామీ కూడా ఉంది.

ఇందులో ఆమె నిర్లక్ష్యమేమీ లేదు. ఆమెకు తెలిసిన జాగ్రత్త అదే. సమాచారం పోకుండా చూసుకుంది. బయటికి పొక్కకుండా చూసుకోవడం వేరే విద్య. ఆ విద్య నేర్పాల్సింది, దానికి కావాల్సిన సరంజామా ఇవ్వాల్సింది సంస్థ.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. 1992లో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ తరఫున డాక్టర్ స్మరజిత్ జానా ఇదే నగరంలోని సోనాగాచిలో హెచ్‌ఐవీ నివారణ పని మొదలుపెట్టినప్పుడు అడ్డొచ్చింది మందుల కొరత కాదు, నమ్మకం కొరత. ఆ వాడలోని మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నాకే పని ముందుకు సాగింది. 1995లో వాళ్లు దర్బార్ మహిళా సమన్వయ కమిటీగా ఏర్పడ్డారు. అంత కష్టపడి సంపాదించిన నమ్మకం ఒక్క పెన్‌డ్రైవ్ సైబర్ కేఫ్‌లో మరచిపోతే పోతుంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ సంగతి గుర్తించింది. హెచ్‌ఐవీ వివరాలు దగ్గర పెట్టుకునే సంస్థలు వాటి రక్షణకు తగిన ఏర్పాట్లు చేసి తీరాలని శాసించింది. 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది.

మరి ఏర్పాటు అంటే ఏమిటి? ఒక పెద్ద సర్వర్ కొని, దాన్ని ఏసీ గదిలో పెట్టి, గదికి తాళం వేస్తే సరిపోదు. పరిశోధకురాలు రోజూ ఆ ఫైళ్లు తెరవాలి, వినాలి, రాసుకోవాలి. సర్వర్లోని ఆమె ఫోల్డరు ఆమె కంప్యూటర్లో సీ డ్రైవ్, డీ డ్రైవ్ పక్కన మరో డ్రైవ్‌లా కనిపించాలి. విండోస్‌లో ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’, మ్యాక్‌లో ‘కనెక్ట్ టు సర్వర్’ చేసే పని ఇదే. పది క్లిక్కులు కూడా పట్టవు. చిక్కంతా ఆ డ్రైవ్‌కు వచ్చే దారిలో ఉంది.

ఆ దారిలో నాలుగైదు గేట్లు ఉండాలి. మొదటిది మనిషిని గుర్తుపట్టేది. పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. బ్యాంకు లావాదేవీలకు ఓటీపీ అడిగినట్టే ఇక్కడా ఫోన్‌కు వచ్చే కోడో, చేతిలోని చిన్న కీనో రెండో సాక్ష్యంగా ఉండాలి. రెండోది వీపీఎన్. అంటే ఇంటర్నెట్ అనే నడిబజారులోంచి విశ్వవిద్యాలయం గుమ్మం దాకా వేసిన ప్రైవేటు సొరంగం. వాట్‌గంజ్ అద్దెగదిలోని వైఫై ఎవరిదైనా అందులో పోయేది బయటికి కనిపించదు. మూడోది, ఆ డ్రైవ్‌ను మోసుకొచ్చే ఎస్‌ఎంబీ అనే పద్ధతి. దీని పాత రూపాన్ని పూర్తిగా మూసేసి, సమాచారాన్ని సంకేత భాషలోకి మార్చి పంపే మూడో తరం రూపాన్నే వాడాలి. నాలుగోది అనుమతులు. రికార్డింగులు వినే వారికి అసలు పేర్ల పట్టిక కనిపించకూడదు. పేర్లు ఒక ఫోల్డరులో, మాటలు మరో ఫోల్డరులో ఉండాలి, రెంటి తాళాలూ వేరుగా ఉండాలి. అయిదోది లాప్‌టాప్. సర్వర్లోని ఫైలు తెరిచినప్పుడు దాని తాత్కాలిక కాపీలు లాప్‌టాప్‌లో మిగిలిపోవచ్చు. అందుకే దాని డిస్కును కూడా బిట్‌లాకర్‌తోనో, ఫైల్‌వాల్ట్‌తోనో గుప్తీకరించాలి. మరీ సున్నితమైన సమాచారమైతే ఫైలును అసలు బయటికే రానివ్వకుండా, సర్వర్లోనే నడిచే డెస్క్‌టాప్ బొమ్మను మాత్రమే తెర మీదికి పంపే పద్ధతి ఉంది.

చాదస్తంలా అనిపించే ఈ గేట్లలో ఒక్కటి తెరిచి ఉంచినా ఏమవుతుందో ఇప్పటికే చూశాం. 2017 మే 12న ప్రపంచాన్ని చుట్టేసిన వన్నాక్రై వైరస్ చొరబడింది సరిగ్గా పాత ఎస్‌ఎంబీలోని రంధ్రం గుండానే. రెండు నెలల ముందే మార్చిలో మైక్రోసాఫ్ట్ ఆ రంధ్రం పూడ్చే ప్యాచ్ విడుదల చేసింది. వేసుకోనివారు దొరికిపోయారు. బ్రిటన్ ఆస్పత్రులతోపాటు పశ్చిమ బెంగాల్‌లో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా ఆ దెబ్బ తిన్నాయి. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ సర్వర్లు మూగబోయినప్పుడు ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. మామూలు స్థితికి రావడానికి సుమారు రెండు వారాలు పట్టింది.

పరిశోధకులు మరీ గుర్తుంచుకోవాల్సింది బ్రిటిష్ లైబ్రరీ ఉదంతం. కోల్‌కతా పాత పత్రికలు ‘జుగాంతర్’, ‘అమృత బజార్ పత్రిక’ వంటి వాటి డిజిటల్ ప్రతులకు నిధులిచ్చి ప్రపంచానికి అందించింది ఆ లైబ్రరీ నడిపే అంతరించే పత్రాల పథకమే. 2023 అక్టోబరులో రైసిడా అనే ముఠా ఆ లైబ్రరీలో జొరబడింది. సుమారు 600 జీబీల ఫైళ్లు ఎత్తుకెళ్లి, 20 బిట్‌కాయిన్లకు వేలం పెట్టి, ఆ తర్వాత చాలావరకు బయటపెట్టింది. లైబ్రరీ తన తప్పు దాచుకోలేదు. 2024 మార్చిలో స్వయంగా నివేదిక ప్రచురించింది. దొంగలు వచ్చి ఉండవచ్చని అది అనుమానించిన ద్వారం, బయటి భాగస్వాములు దూరం నుంచి పనిచేసుకునేందుకు 2020 ఫిబ్రవరిలో పెట్టిన టెర్మినల్ సర్వర్. సంస్థలో మిగతా చోట్ల రెండో సాక్ష్యం అడిగే ఏర్పాటు వచ్చింది కానీ ఆ ద్వారానికి మాత్రం రాలేదు. ఆచరణలో ఇబ్బంది అని పక్కన పెట్టారు. బయటి భాగస్వాముల సౌకర్యం కోసం తెరిచిన కిటికీయే నెలల తరబడి పరిశోధకులకు సేవలు మూసేసింది.

దొంగలు రాకపోయినా సమాచారం పోవచ్చు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్లో బ్యాకప్ ప్రోగ్రాం తప్పుగా నడిచి 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లను తుడిచేసింది. 14 పరిశోధక బృందాల శ్రమ అది. నాలుగు బృందాల ఫైళ్లు ఇక తిరిగి రాలేదు. అందుకే అసలు ప్రతికి దూరంగా, వేరే నెట్‌వర్క్‌లో, వీలైతే వేరే ఊళ్లో ఇంకో ప్రతి ఉండాలన్న పాత నియమం. కోల్‌కతా వాసులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 20న వచ్చిన ఆంఫన్ తుఫానుకు కాలేజీ స్ట్రీట్‌లో పుస్తకాలు నీళ్లలో తేలాయి. హైదరాబాద్‌లో 2000 ఆగస్టు వరదకు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ గ్రంథాలు తడిసిపోయాయి. నేల అంతస్తులో ఉన్నది కాగితమైనా హార్డ్ డిస్కయినా నీటికి తేడా తెలియదు.

మన దేశంలో దీనికి కావాల్సిన పునాది లేదా అంటే, ఉంది. విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ 2010 నుంచే ఉంది. ఒక్క ఐడీతో అనేక సేవల్లోకి వెళ్లే ఏర్పాటును ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతోంది. పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగలో చేర్చాలని 2009 నుంచే యూజీసీ నియమం ఉంది. పరాయి పత్రికలు చదువుకోవడానికి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పేరుతో మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఒప్పుకుంది. కానీ గ్రంథం శోధ్‌గంగకు చేరుతుంది, ఆ గ్రంథానికి ఆధారమైన రికార్డింగులు బీరువా అడుగున పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. వండిన అన్నానికి ప్రదర్శనశాల కట్టాం, బియ్యానికి మాత్రం గాదె కట్టలేదు.

కట్టక తప్పని రోజు దగ్గరపడింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది. అయితే అది బేషరతు మినహాయింపు కాదు. ఆ సమాచారంతో ఏ వ్యక్తి గురించీ ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోకూడదు, ప్రభుత్వం చెప్పిన ప్రమాణాలు పాటించాలి. 2025 నవంబరులో ప్రకటించిన నియమాలు ఆ ప్రమాణాల్లో తగిన భద్రతా ఏర్పాట్లను కూడా చేర్చాయి. ప్రధాన నిబంధనలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టాయి. ఈ చట్టం కింద భద్రత లోపాలకు జరిమానా 250 కోట్ల దాకా ఉండవచ్చు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. జరిమానా భయంతో పరిపాలనా విభాగం గేటు మీద గేటు పెట్టుకుంటూ పోవచ్చు. ప్రాంగణంలోని ఒక్క గదిలోనే ఫైలు తెరవాలనవచ్చు. మూడు సంతకాలుంటే గానీ ఫోల్డరు ఇవ్వమనవచ్చు. సిగ్నల్ అందని చోట ఓటీపీ అడగవచ్చు. అప్పుడు పరిశోధకురాలు ఏం చేస్తుంది? మళ్లీ పెన్‌డ్రైవ్ కొనుక్కుంటుంది. వాడలేని తాళం వేయని తాళంతో సమానం. క్షేత్రంలో ఉన్నప్పుడు గుప్తీకరించిన లాప్‌టాప్‌లో పనిచేసుకుని, సాయంత్రం సర్వర్‌కు ఎక్కించి, ఫోన్లోది చెరిపేసే సులువైన పద్ధతి నేర్పితే ఆమె పాటిస్తుంది. ఫోల్డరు అడిగిన వారంలో రావాలి. ఎక్కడ ఆగిపోయినా ఫోన్ ఎత్తే మనిషి ఒకరుండాలి. అన్నింటికంటే ఖరీదైన పరికరం ఆ మనిషే. సర్వర్లకు టెండరు పిలిచే సంస్థలు ఈ ఉద్యోగాన్ని ఏడాది కాంట్రాక్టు మీద నింపితే ఆ మనిషి తరచు మారతాడు, పాత తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పేవారుండరు.

ఇంకో చిక్కు తాళం చేతులది. గైడు రిటైరవుతారు, ప్రాజెక్టు ముగుస్తుంది, ఫీల్డ్ అసిస్టెంట్లు వేరే ఉద్యోగాలకు వెళతారు. వెళ్లినవారి అనుమతి ఆ రోజే తీసేయాలి. అదే సమయంలో రికార్డింగు చేసిన విద్యార్థిని డిగ్రీ అయిపోగానే తన సొంత కష్టానికి పరాయిది కాకూడదు. గైడుతో పేచీ వస్తే ఫోల్డరు మూసేసే అధికారం ఒక్కరి చేతిలో ఉండకూడదు. ఈ నియమాలను కంప్యూటర్ విభాగం ఒక్కటే రాయలేదు. రాయాల్సింది పరిశోధకులు, విభాగాధిపతులు, నైతిక కమిటీలు కలిసి కూర్చుని.

వాట్‌గంజ్‌లో మాట్లాడిన మహిళకు ఎస్‌ఎంబీ అంటే ఏమిటో తెలియక్కర్లేదు. ఆమె తన ఊరి పేరు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి, ‘ఇది ఎవరికీ తెలియదు కదా’ అని అడిగి ఉంటుంది. ఎదుటి అమ్మాయి తెలియదనే చెప్పి ఉంటుంది. ఆ జవాబును నిజం చేయడమే ఈ తాళాలన్నిటి పని. గైర్హాజరీలో ఉన్న ఆ మహిళ తరఫున, ఆ మాట ఇచ్చిన విశ్వవిద్యాలయమే కాపలా కాయాలి.