‘పాప బువ్వ తిందా?’ అని అడిగేవారికి

మన ఊళ్లలో ఎవరి గుమ్మం ముందు నిలిచినా మొదట వినపడే పలకరింపు ‘భోజనాలయ్యాయా?’ అన్నది. పసిపిల్లలున్న ఇంట్లోనైతే ‘పాప బువ్వ తిందా?’ అంటారు. అందులో తప్పు లేదు, ఆప్యాయతే. కాని మా గుమ్మంలో ఆ మాట నాలుగేళ్లుగా ముల్లులా గుచ్చుకుంటోంది. మా మనవరాలు నోటితో తినదు. పొట్టకు అమర్చిన చిన్న గొట్టంలో పాలు, చోడి జావ పోస్తేనే ఆమెకు తిండి.

పుట్టగానే ఏడవలేదు. మెదడుకు ప్రాణవాయువు అందక దెబ్బ తగిలిందన్నారు. మూడో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. ఎనిమిదో నెలకూ మెడ నిలవలేదు. దీన్ని డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అంటారు. చేతులూ కాళ్లూ బిగుసుకుపోవటమే దీని లక్షణమని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మింగటం కూడా కండరాల పనేనని, ఆ కండరాలను నడిపేదీ మెదడేనని ఆలస్యంగా తెలిసింది. పాలు తాగే బిడ్డ చీకాలి, మింగాలి, ఊపిరి తీయాలి. ఈ మూడూ వరుస తప్పకుండా జరగాలి. ఆ వరుస తప్పితే ఆహారనాళంలోకి పోవలసిన పాలచుక్క ఊపిరితిత్తుల దారి పడుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పాపకు అప్పుడు పదో నెల. మా కోడలు ఒక్క గిన్నె జావ పట్టటానికి గంటన్నర తీసుకునేది. సగం కక్కేది, సగం బయటికి కారేది. పిల్ల ఎముకల గూడులా ఉండేది. అబ్బాయి విశాఖలో పనిచేసి ఆదివారాలు వస్తాడు. మా ఆవిడ కాలం చేసింది. ఒకరోజు కోడలు బ్యాంకు పనిమీద వెళ్లింది. ముప్పయ్యొక్క ఏళ్లు బడిపిల్లలను చూసిన పంతులిని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. కాళ్లు చాపుకుని పాపను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, మా అమ్మ మాకు ఉగ్గు పట్టినట్టే ముక్కు నొక్కి ఉగ్గుగిన్నెతో జావ పోశాను. పావుగంటలో గిన్నె ఖాళీ. పిల్ల దగ్గలేదు కూడా. కోడలు రాగానే ‘చూశావా అమ్మా, ఎలా తాగిందో!’ అని గొప్ప చెప్పుకున్నాను.

మర్నాటి రాత్రికి ఒళ్లు కాలిపోయింది. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయి. 108 బండిలో తీసుకుపోయాం. న్యుమోనియా. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇటువంటి పిల్లల్లో కొందరికి ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదని అక్కడ విన్నాను. దగ్గలేదని నేను మురిసిన క్షణమే ప్రమాద క్షణమన్నమాట. ‘పడుకోబెట్టి ఎవరు పట్టారు?’ అని డాక్టరు కోపంగా అడిగారు. కోడలు నా వైపు చూడలేదు. ‘మేమే పట్టామండీ’ అంది.

ఆ ‘మేమే’ అన్న మాటకు నేను ఇంతవరకూ బదులు చెప్పలేకపోయాను. ఈ నాలుగు ముక్కలూ రాయటం అందుకే.

ఆ తరువాత ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. మింగుడు పరీక్షించింది మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు. మాటల డాక్టరుకు మింగుడుతో ఏం పని అనుకున్నాను. మాటకూ మింగుడుకూ పనిచేసేవి అవే పెదవులు, అదే నాలుక, అదే గొంతు అని ఆవిడ వివరించారు. రెండున్నరేళ్లకు ముక్కు గొట్టం తీసి, నేరుగా పొట్టకు అమర్చారు. ఇది విని ఊళ్లో కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. ‘పసిదాని పొట్టకు కన్నం పెట్టించారా?’ అన్నారు. పెద్ద కోత లేకుండా, లోపలికి కెమెరా పంపి ఈ గొట్టం అమర్చే పద్ధతిని మొదట 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడెరర్, పాన్‌స్కీ అనే ఇద్దరు డాక్టర్లు చేశారు. మొదట చేసింది నెలల బిడ్డకే. ఆ సంగతి చెబితే ఊళ్లో ఎవరూ వినిపించుకోలేదు. అది అమర్చిన ఏడాదిలో ఏడు కిలోల పిల్ల పది కిలోలకు వచ్చింది. ఫిట్స్ మందు ఉమ్మివేయకుండా పూర్తిగా లోపలికి పోతోంది. ఇప్పుడు నవ్వుతోంది కూడా. అది చూశాక బుగ్గలు నొక్కుకోవటం తగ్గింది.

ఇక అసలు విషయం. మా కోడలిని పలకరించటానికి వచ్చేవారు చాలామంది ఒకటే మాట అంటారు: ‘బతికి బట్టకట్టింది కదమ్మా, దేవుడికి దండం పెట్టుకో.’ ఆమె పెట్టుకుంటుంది, మీరు చెప్పనక్కర్లేదు. కాని మూడు గంటలకోసారి, రాత్రి పన్నెండింటికీ మూడింటికీ లేచి, జావ వడగట్టి, పాపను నిటారుగా కూర్చోబెట్టి, సిరంజిని పైకెత్తి దానంతట అదే దిగేలా నెమ్మదిగా పోసి, తరువాత కాచి చల్లార్చిన నీటితో గొట్టం కడిగి, మరో అరగంట పిల్లను ఎత్తుకు కూర్చునే మనిషికి కృతజ్ఞత నేర్పటానికి మనమెవరం? నిద్ర లేని మనిషి ‘విసుగ్గా ఉంది’ అంటే అది బిడ్డమీద ప్రేమ లేక కాదు. అసలు ఇన్నేళ్లలో ఆమెకు దండం పెట్టిన వారెవరో నాకు కనిపించలేదు. నేనూ పెట్టలేదు.

ఇంకో పెద్దమనిషి ఉన్నారు. పింఛను వచ్చినప్పుడల్లా తమ దయవల్లే వచ్చిందని మేము నలుగురిలో చెప్పాలని ఆయన కోరిక. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు రూ.6,000 అయింది. కేంద్రం వారి నిరామయ బీమా కింద ఇటువంటి బిడ్డకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది. ఇవన్నీ హక్కుగా వచ్చేవి. అర్జీ రాసిపెట్టినందుకు ఆయనకు నమస్కారం, అంతవరకే.

నేను రుణపడినవారు వేరే ఉన్నారు. బాల స్వాస్థ్య కార్యక్రమం (ఇది 2013లో మొదలైంది) వారు బడికి, అంగన్వాడీకి పరీక్షలకు వచ్చిన రోజున మా ఇంటిదాకా నడిచివచ్చి పాప పేరు రాయించిన అంగన్వాడీ టీచరమ్మ. పట్నం బస్సులో పాపకు తిండి వేళయితే ముందు సీటు ఖాళీ చేయించి, డ్రైవరుతో ‘కుదుపులు లేకుండా పోనీయవయ్యా’ అని చెప్పే కండక్టరు. ‘తిందా?’ అని అడగకుండా పొద్దున్నే చెంబుతో పాలు పెట్టి వెళ్లిపోయే ఎదురింటావిడ.

అందరికన్నా ముందు మా కోడలు. ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకు, ఇక జన్మలో ఆ గిన్నె ముట్టనని నేను మూల కూర్చున్న రోజుల్లో, తనే సిరంజి తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘మావయ్యా, మీరు పట్టుకోండి, నేను పక్కనుంటాను’ అంది. నా చేతులు వణికాయి. వారం రోజులు పక్కనే నిలబడింది. ఎనిమిదో రాత్రి తను పదింటికి పడుకుని తెల్లవారి అయిదింటికి లేచింది.

కాబట్టి ఇటువంటి బిడ్డ ఉన్న ఇళ్లకు వెళ్లేవారికి నా మనవి ఒక్కటే. సలహా పట్టుకెళ్లకండి. మేనత్తయినా, తాతయినా, పొరుగావిడయినా ఎవరో ఒకరు తిండి పెట్టటం ఆ తల్లి దగ్గరే నేర్చుకోండి. రెండో చేయి లేక చితికిపోతున్న ఇళ్లు నేను చూశాను. ఇక మీ ఇంట్లోనే పసిబిడ్డ తిండికి ప్రతిసారీ అరగంట దాటుతున్నా, తాగాక గొంతులో గరగర వినిపిస్తున్నా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, ఊరకే జలుబు, జ్వరం, నిమ్ము తిరగబెడుతున్నా దిష్టి అనుకుని కూర్చోవద్దు. ముక్కు నొక్కి పోయవద్దు. పడుకోబెట్టి అసలే పోయవద్దు. జిల్లా ఆసుపత్రిలో పిల్లలకు ముందుగా చికిత్స మొదలుపెట్టే కేంద్రం ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడిగి వెళ్లండి.

ఈ సంక్రాంతికి మా కోడలు రెండు రోజులు పుట్టింటికి వెళ్తోంది. పాప పుట్టాక ఒంటరిగా వెళ్లటం ఇదే మొదటిసారి. గొట్టం ఊడిపోతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది. రాత్రి మూడింటి అలారం నా దిండు కింద ఉంది.