వీసాకు తొలి మెట్టు ఊళ్లోనే

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అమెరికాలో స్థిరపడిన బిడ్డ తల్లిదండ్రులను శాశ్వతంగా తన వద్దకు పిలిపించుకోవాలన్నా ఈ మాటే వర్తిస్తుంది. దరఖాస్తు అక్కడ పడుతుంది. దానికి కావలసిన రుజువులు మాత్రం ఇక్కడ, ఊళ్లోనే ఉంటాయి. అవి సరిగా లేక వృద్ధ దంపతులు ఆఫీసుల చుట్టూ తిరగవలసి రావడం విచారకరం.

ఎవరు ఎవరిని పిలిపించుకోవచ్చో ముందుగా తెలుసుకోవాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారు భార్యను లేదా భర్తను, పెళ్లికాని పిల్లలను పిలిపించుకోగలరు. తల్లిదండ్రుల కోసం, తోబుట్టువుల కోసం దరఖాస్తు చేయాలంటే అమెరికా పౌరసత్వం పొంది, 21 ఏళ్లు నిండి ఉండాలి. తల్లిదండ్రుల వీసాలకు ఏటా ఇన్నేనన్న పరిమితి లేదు. తోబుట్టువులకు ఆ పరిమితి ఉంది. ఆ వరుసలో 2025లో వంతు వచ్చిన భారతీయుల దరఖాస్తులు 2006లో వేసినవి! తమ్ముడికి ఆర్నెల్లలో ఇదే వీసా ఇప్పిస్తామని చెప్పే దళారీ మాటలోని నిజమెంతో దీన్నిబట్టే గ్రహించవచ్చు.

తమవారి పోషణకు పూచీ పడుతూ, ఆదాయం చూపి హామీపత్రం రాయడం అక్కడి బిడ్డ పని. బంధుత్వం రుజువు చేసే కాగితాలు సమకూర్చడం ఇక్కడివారి పని. తల్లి కోసమైతే బిడ్డ జనన ధ్రువపత్రంలో ఆమె పేరు ఉండాలి. తండ్రి కోసమైతే సాధారణంగా తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రమూ జతచేయాలి. చిక్కంతా ఇక్కడే. తల్లి పేరు బిడ్డ బడి సర్టిఫికెట్టులో ఒకలా, ఆధార్‌లో మరోలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. పెళ్లిని ఊరంతా చూసినా రిజిస్టరులో రాయించినవారు ఉండరు. "పుష్కరాల ఏడు పుట్టింది" అన్న మాట ఊరికి చాలుతుంది గాని కాన్సులేటుకు చాలదు.

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి నమోదే లేదు. అటువంటివారు నమోదు లభ్యం కాలేదన్న ధ్రువపత్రం, బడి రికార్డు, పుట్టుక ఎరిగిన దగ్గరి బంధువుల ప్రమాణపత్రాలు చూపే వీలుంది. ఏడాది దాటిన జననాల నమోదుకు ఉత్తర్వులిచ్చే అధికారం 2023 సవరణతో జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. హిందూ వివాహాలను ఏళ్లు గడిచాకైనా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. దారి ఉన్నా, అది చెప్పేవారు లేకనే జనం దళారుల పాలవుతున్నారు.

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఉన్నా, వలస వీసాల ఇంటర్వ్యూలకు ప్రధానంగా ముంబై వెళ్లవలసి ఉంది. ఒక్క కాగితం తక్కువైతే పెద్ద వయసులో నెలల తరబడి ఎదురుచూపులు తప్పవు. అలాగని దొంగ సర్టిఫికెట్టు పుట్టిస్తే అసలుకే మోసం. అబద్ధం బయటపడితే ఆ దేశపు తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు.

పంచాయతీ కార్యదర్శులు, రెవెన్యూ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలి. ఏయే కాగితాలు కావాలో బోర్డుపై తెలుగులో రాసి పెట్టాలి. దరఖాస్తులో లోపముంటే మొదటిసారే కాగితంపై రాసివ్వాలి. "రేపు రా" అనే జవాబుకు స్వస్తి చెప్పాలి.

ప్రజలూ మేలుకోవాలి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము లేదు. తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్నిచోట్లా ఒకేలా రాయించాలి. విదేశం వెళ్లినా వెళ్లకపోయినా పింఛనుకు, ఆస్తికి, చదువుకు అవే ఆధారం. అవసరం వచ్చాక వెతికే కాగితాన్ని ముందే భద్రపరచుకోవడం వివేకం.