నర్సు చెప్పిన మాట ఎవరు వినాలి?

భిలాయి ప్రస్తావన పార్లమెంటులో వచ్చినప్పుడల్లా టన్నుల లెక్కలే వినవస్తాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన తొలి బ్లాస్ట్ ఫర్నేసు, దేశమంతటికీ అక్కడినుంచి పోయే రైలుపట్టాలు మన సభ్యులకు కంఠోపాఠమే. ఆ ఉక్కునగరం సెక్టారు 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఒకటున్నదన్న సంగతి ప్రమాదం జరిగిననాడు తప్ప ఢిల్లీకి జ్ఞాపకం రాదు. జీవనోపాధికై వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం అది నిత్యవ్యవహారం.

2014 జూన్ 12న కర్మాగారంలోని పంపుహౌసులో గ్యాస్ వ్యాపించి, ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు మరణించారు. మరి అనేకులు ఆసుపత్రి పాలైనారు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఇంచుమించు నాలుగోవంతు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దాని బారినపడిన రోగిని వార్డుకు తెచ్చినప్పుడు నర్సు మొట్టమొదట చేసే పని, వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలించడం. అది 98 అని చూపవచ్చు. ఆ అంకె శుద్ధ అబద్ధం. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకున్నది ఆక్సిజనో, విషవాయువో ఆ చిన్న యంత్రానికి తేడా తెలియదు. అంకెను నమ్మి, రోగి ముఖానున్న మాస్కు తీసివేసిన విద్యార్థిని నేర్చిన పాఠం తప్పకుండానే ఒక ప్రాణానికి ముప్పు తేగలదు. రోగి తలనొప్పి అంటున్నాడు, మాట తడబడుతున్నది, వచ్చినది గ్యాస్ సోకిన చోటినుంచి. ఈ మూడింటినీ కలిపి చూసి, అంకెను పక్కనబెట్టి, ఆక్సిజన్ ఆపకుండా, రక్తపరీక్ష కావాలని పైవారికి వెంటనే చెప్పగలగడమే వివేచన. వృత్తిలో దీనిని క్లినికల్ జడ్జిమెంట్ అంటారు.

2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల గ్యాస్ గొట్టంలో పేలుడు సంభవించింది. ఆనాడే తొమ్మిదిమంది మరణించారు, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. కాలిన రోగుల విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. వచ్చిన కొత్తలో రోగి చక్కగా మాట్లాడుతూనే ఉండవచ్చు. కాని ముక్కు వెంట్రుకలు మాడి, ఉమ్మిలో మసి కనిపించి, గొంతు కాస్త బొంగురుపోయిందంటే, కొద్ది గంటల్లో శ్వాసమార్గం వాచి మూసుకుపోయే ప్రమాదమున్నదన్నమాట. అదే మంచం పక్క ఎక్కువసేపు నిలిచేది డాక్టరు కాదు, నర్సు. తరచుగా శిక్షణలో ఉన్న విద్యార్థిని.

అమెరికాలో 2023 ఏప్రిల్ నుంచి నర్సుల లైసెన్సు పరీక్ష స్వరూపమే మార్చారు. లక్షణాలను గుర్తించడం, వాటి అర్థం గ్రహించడం, ఏది ముందో నిర్ణయించడం, చేసినదాని ఫలితం చూడడం దాకా అభ్యర్థి ఆలోచనా క్రమాన్నే పరీక్షిస్తున్నారు. మన ఏఎన్‌ఎంలతో కొంతవరకు పోల్చదగిన ప్రాక్టికల్ నర్సులకూ ఈ పరీక్ష తప్పదు. ఆ దేశాన్ని అన్నింటా అనుకరించాలని నేననను. వైద్యం ఖర్చు విషయంలో వారిని చూసి భయపడవలసిందే. కాని ఈ ఒక్క విషయంలో వారు అడుగుతున్న ప్రశ్న సరియైనది.

అదే సంవత్సరం మన పార్లమెంటు ఏమి చేసింది? 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ బిల్లును లోక్‌సభ జూలై 28న, మణిపుర్‌పై చెలరేగిన గందరగోళం మధ్య, మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఆగస్టు 8న రాజ్యసభ కూడా సరేనన్నది. మణిపుర్‌పై చర్చ కోరిన ప్రతిపక్షాన్ని తప్పుపట్టలేము. అయితే డెబ్బై ఆరేళ్లకొకసారి వచ్చిన అవకాశం ఆ హోరులో కొట్టుకుపోయింది. విద్యకొక బోర్డు, మదింపుకొక బోర్డు, నీతినియమాలకూ రిజిస్ట్రేషన్‌కూ ఒక బోర్డు ఏర్పడ్డాయి చట్టంలో. మంచం పక్కన విద్యార్థినికి ఎవరు నేర్పుతారన్నది ఎవరూ గట్టిగా అడిగిన పాపాన పోలేదు.

పదిమంది విద్యార్థినులకు ఒక అధ్యాపకురాలన్నది నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన ప్రమాణం. కాగితంపై అది ముచ్చటగానే ఉంటుంది. సిబ్బంది చాలని ఆసుపత్రిలో విద్యార్థిని నేర్చుకొనేందుకు వచ్చిన మనిషిగా గాక, ఖాళీ పోస్టును పూరించే మనిషిగా మారిపోతుంది. పడకలు సర్దడం, సీసాలు మార్చడం, చార్టులు నింపడం అలవాటైపోతుంది. ఎందుకు అని అడిగే తీరిక ఆమెకూ ఉండదు, చెప్పే తీరిక సిస్టరుకూ ఉండదు. ఇక ధైర్యం చేసి, ‘సార్, ఈ రోగి నాకెందుకో బాగా లేడనిపిస్తున్నాడు’ అన్నదనుకోండి. పిల్లకాకికేం తెలుసునన్న చూపే సమాధానమవుతుంది. రెండవసారి ఆమె నోరు మెదపదు.

గ్యాస్ ఉన్న చోట అలారం మోగితే కార్మికుడు ఫోర్‌మన్ అనుమతికై నిలబడడు, బయటపడతాడు. ఆ కర్మాగారం గేటు అవతలనున్న వార్డులో, అలారం వంటి ఆ విద్యార్థిని మాట మాత్రం అంతస్తుల మెట్లెక్కి పోవాలి. ఆమె గమనించినది చార్టులో నమోదు కావాలి. దానిని చూసిన డాక్టరు సమయంతో సహా సంతకం చేయాలి. చూడకపోతే నేరుగా మరొక డాక్టరును పిలిచే హక్కు ఆమెకుండాలి. వీటికి కోట్లు అక్కరలేదు, ఆరోగ్యశాఖ ఉత్తర్వు చాలు. వచ్చే సమావేశాలలో మన తెలుగు సభ్యులెవరైనా ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రిగారిని ఇంతే అడగవచ్చు: ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం పాఠశాలల్లో ఎన్ని బోధక పోస్టులు ఖాళీగా ఉన్నాయి? రాత్రి డ్యూటీలో ఉన్న విద్యార్థినుల వెంట ఎవరుంటున్నారు?