పొట్లంలో ఏముందో చెప్పండి, బండి ఎవరిదో కాదు

అస్ర్ నమాజు ముగిసి, మగ్రిబ్ అజాన్‌కు ఇంకా సమయం ఉన్న వేళ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో ఏ కూడలికి వెళ్లినా కాగుతున్న నూనె వాసనే ముందుగా పలకరిస్తుంది. మిర్చి బజ్జీ, ఉల్లి సమోసా, ఆలూ బజ్జీ, చికెన్ పకోడీ బండ్ల చుట్టూ అన్ని మతాలవారూ భుజం భుజం కలిపి నిలబడతారు. నడిగడ్డలో ఉగ్గాని పళ్లెంలో బజ్జీ లేకపోతే అది ఉగ్గానే కాదంటారు. ఇంత సామాన్యమైన తిండి మీద కూడా నేడు అనుమానపు నీడ పడింది. ఆ నీడ రెండు వైపుల నుండి పడుతోందని గుర్తించినప్పుడే దానిని తొలగించగలం.

గత రమజాన్‌లో జరిగిన రెండు సంఘటనలు మమ్మల్ని ఈ వ్యాసం రాయడానికి పురికొల్పాయి. ఒక సాయంత్రం ఇఫ్తార్ కోసం ఒక దాత మస్జిద్‌కు ఆలుగడ్డ చిప్స్ పొట్లాలు పంపారు. పిల్లలు చేతుల్లోకి తీసుకున్నారో లేదో, ఒక యువకుడు తన ఫోన్‌లోని సందేశం చూపి, వాటిలో పందికొవ్వు ఉందని కేకవేశాడు. పొట్లాలన్నీ వెనక్కి లాక్కున్నారు. ఒక పసివాడు ఏడ్చాడు. దాత సిగ్గుతో తలవంచుకున్నారు. సర్కారు కొలువులో ఏళ్ల తరబడి సన్నని అక్షరాల కాగితాలు చదివిన అలవాటు కొద్దీ మేము కళ్లద్దాలు పెట్టుకుని పొట్లం వెనుక భాగం చదివాము. శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ చుక్క అక్కడే ఉంది. అప్పటి వరకు దానిని ఎవరూ చూడలేదు.

అదే నెలలో, ఇంట్లో సమోసాలు వేయించి ఒక ప్రైవేటు పాఠశాల క్యాంటీన్‌కు పంపి బతుకు వెళ్లదీస్తున్న ఒక సోదరికి ఉన్నట్టుండి ఆర్డరు ఆగిపోయింది. ముస్లింలు ఆహారంలో ఉమ్మి వేస్తారంటూ ఎక్కడిదో తెలియని వీడియో తల్లిదండ్రుల గ్రూపులో తిరిగిందట. ఆమె వంటగదిని ఎవరూ చూడలేదు, ఆమెను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఒక చోట అపవాదుకు గురైనది పొట్లం, మరొక చోట గురైనది మనిషి. రోగం మాత్రం ఒక్కటే. వార్త వస్తే విచారించుకోమని సూరె హుజురాత్ ఆరవ ఆయత్ మనకు నేర్పింది. ఆ ఆదేశాన్ని ఇతరులు మన విషయంలో పాటించాలని కోరే ముందు మనం పాటిస్తున్నామా?

అంకెల వెనుక అసలు సంగతి

చిప్స్, కరకరలాడే మసాలా చిరుతిళ్ల పొట్లాల మీద 627, 631, 635 వంటి అంకెలు ఉంటాయి. ఇవి రుచిని పెంచే పదార్థాలకు అంతర్జాతీయంగా ఇచ్చిన సంకేతాలు. 631 అంటే డైసోడియం ఐనోసినేట్. దీనిని మాంసం నుండి, చేపల నుండి తయారుచేయవచ్చు. పిండిపదార్థాలను పులియబెట్టి కూడా తయారుచేయవచ్చు. 471 సంకేతం గల కొవ్వు పదార్థం సంగతీ అంతే: మొక్కల నూనె నుండి రావచ్చు, జంతువు కొవ్వు నుండి రావచ్చు. కనుక అంకె కనిపించగానే హరామ్ అనడం అజ్ఞానం. అంకెను పట్టించుకోకుండా తినేయడం అజాగ్రత్త.

మన దేశంలో ఈ చిక్కును చాలావరకు విప్పేది ఆకుపచ్చ చుక్క. మన చట్టం ప్రకారం పాలు, తేనె వంటి కొన్ని మినహాయింపులు తప్ప జంతు సంబంధమైన ఏ పదార్థం కలిసినా అది మాంసాహారమే. దాని మీద గోధుమరంగు గుర్తు ఉండాలి. అంటే ఆకుపచ్చ చుక్క ఉన్న పొట్లంలో పందికొవ్వు కలిపితే ఆ కంపెనీ చట్టాన్ని అతిక్రమించినట్టే. అయితే సువాసన ద్రవ్యాలలో ఆల్కహాల్ వాడారా లేదా అన్నది ఆ చుక్క చెప్పదు. దాని విషయంలో ఉలమాలను అడగాలి, కంపెనీకి లేఖ రాయాలి. మాంసాహార గుర్తు ఉన్న నగ్గెట్లు, కబాబుల వంటి శీతలీకరించిన పొట్లాలకు మాత్రం జబీహా సంగతి తేలనిదే చేయి చాపకూడదు.

చుక్క వేసినంత మాత్రాన సరిపోదని న్యాయస్థానం కూడా గుర్తించింది. 2021 డిసెంబరు 9న ఢిల్లీ హైకోర్టు, ప్రతి పదార్థాన్నీ సంకేతంతో సరిపెట్టకుండా అది మొక్క నుండి వచ్చిందా, జంతువు నుండి వచ్చిందా, ప్రయోగశాలలో తయారయిందా అన్నది స్పష్టంగా వెల్లడించాలని ఆదేశించింది. తాను తింటున్నదేమిటో తెలుసుకోవడం పౌరుని హక్కు అని, దానికి రాజ్యాంగంలోని 21, 25 అధికరణాలు ఆధారమని చెప్పింది. ఆ తీర్పులో ప్రస్తావనకు వచ్చిన ఉదాహరణ ఈ 631 సంకేతమే. ఆ వ్యాజ్యం వేసినవారు ఎవరు? రామ్ గవా రక్షా దళ్ అనే గోరక్షణ సంస్థ. వారి అవసరం వేరు, మన అవసరం వేరు. తెరుచుకున్న తలుపు మాత్రం ఒక్కటే.

ఇది మన ఒక్కరి బాధ కాదు

1983లో వనస్పతిలో దిగుమతి అయిన పశువుల కొవ్వు కలుస్తోందన్న వివాదం దేశాన్ని కుదిపివేసింది. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఆలుగడ్డ వేపుళ్లలో గొడ్డుమాంసపు సారం వాడుతూ దానిని సహజ రుచి అనే మాట వెనుక దాచినందుకు, 2002లో హిందూ, శాకాహార సంస్థలు మొదలైనవాటికి 1 కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి గురించి వివాదం రేగినప్పుడు మన పొరుగువారి మనసు ఎంత కలత చెందిందో చూశాము. హరామ్ అనే మాట తెలిసిన మనకంటే ఆ వేదన ఇంకెవరికి బాగా అర్థమవుతుంది? యూదులు తమ కోషర్ నియమం కోసం సుమారు నూరేళ్లుగా కర్మాగారాలలో తనిఖీలు జరిపిస్తున్నారు. వారి సంస్థలలో ఒకటి వేసే ఓ.యు. గుర్తు నేడు ఎన్నో చిరుతిళ్ల పొట్లాల మీద కనిపిస్తుంది. దానిని చూసి అక్కడి సమాజం బెదిరిపోలేదు.

మన దేశంలో హలాల్ గుర్తును మాత్రం నేరంలా చూస్తున్నారు. 2023 నవంబరు 18న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ధ్రువీకరణ గల వస్తువుల తయారీని, అమ్మకాన్ని నిషేధించింది; ఎగుమతులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. విదేశీ కొనుగోలుదారు అడిగితే సక్రమమైనది, సొంత పౌరుడు అడిగితే అక్రమం ఎలా అవుతుంది? ఈ వివక్షను ప్రశ్నించవలసిందే. అదే సమయంలో ముద్ర ఒక్కదాని మీదే భారం వేయడమూ తగదు. హలాల్ చట్టం ఉన్న ఇండోనేషియాలో 2025లో అధికారులు పరీక్షించగా పంది సంబంధమైన పదార్థం బయటపడిన తొమ్మిది ఉత్పత్తులలో ఏడింటికి అప్పటికే హలాల్ ధ్రువీకరణ ఉంది. ముద్రకు కూడా తనిఖీ కావాలి.

పేరు కాదు, పదార్థం

2024లో కాంవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు రాసి పెట్టాలని ఉత్తరాది అధికారులు ఆదేశించినప్పుడు, జూలై 22న సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గాని యజమాని, పనివారి పేర్లు చెప్పమని బలవంతపెట్టరాదని స్పష్టం చేసింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మన తెలుగువారు. కేరళలో పనిచేసినప్పుడు శుభ్రతను చూసి ఒక ముస్లిం నడిపే శాకాహార హోటలుకు వెళ్లేవాడినని ఆయన విచారణలో గుర్తుచేసుకున్నారు.

ఆ సూత్రం మనకూ వర్తిస్తుంది. బజ్జీల బండి దగ్గర యజమాని పేరు అడిగి వెనుదిరిగే మనవారిని కూడా మేము చూశాము. శనగపిండి, మిరపకాయ, వాము, నూనె: ఇందులో హరామ్ ఏముంది? అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ కడాయిలోనే చికెన్ కూడా వేయిస్తున్నారా? వేయిస్తే ఆ కోడి ఎక్కడిది? పక్కన నిలబడిన శాకాహారి సోదరుడు కూడా తన బజ్జీ కోడిమాంసం వేగిన నూనెలో వేగరాదనే కోరుకుంటాడు. రెండు కడాయిలు పెట్టించమని ఇద్దరమూ కలిసి అడిగితే ఏ బండివాడు కాదంటాడు?

పాలమూరు పల్లెలలో ఈ సర్దుబాటు ఒకనాడు సహజంగా ఉండేది. హిందువుల ఇంట పెళ్లి విందుకు మేకను కోయవలసి వస్తే ముల్లా సాహెబును పిలిచి హలాల్ చేయించేవారు. ఊరందరూ కలిసి తినాలన్నదే అందులోని ఉద్దేశం. చట్టం లేదు, ముద్ర లేదు, మాట మీద నడిచింది. పీర్ల పండుగనాడు కలిసి నడిచిన ఊళ్లకు అది వింతగా తోచలేదు.

మన చేతిలో ఉన్న పని

దుకాణపు పొట్లం మీద అనుమానం ఉంటే ఇంటి కడాయి ఉంది. మురుకులు, చెక్కలు, చకినాలలో బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె వంటివే ఉంటాయి. పలుచటి మైదా పట్టీలో ఉల్లిపాయ, అటుకులు, పచ్చిమిర్చి పెట్టి చుట్టిన సమోసాకు ఏ సంకేతపు అంకె అక్కరలేదు. తెలిసిన దుకాణంలో జబీహా చేయించిన కోడితో చేసిన పకోడీకి, ఖీమాతో చేసిన లుఖ్మీకి ఎవరి ధ్రువపత్రమూ అవసరం లేదు. పైగా మన మూడు జిల్లాలూ పల్లీ పండే నేలలు. ఇంటి ముందు పల్లీ పండుతుండగా మన కడాయిలలో కాగేది ఎక్కడినుండో వచ్చిన పామాయిల్ కావడం విచారకరం.

మొహల్లాలలో సమోసా పట్టీలు చుట్టి, పొట్లాలు కట్టి బతికే సోదరీమణులు ఎందరో ఉన్నారు. వారికి గుర్తింపు కావాలి. ఏడాదికి 100 రూపాయల రుసుముతో చిన్న తయారీదారులు కూడా ఆహార భద్రత సంస్థలో నమోదు కావచ్చు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో యూనిట్ వ్యయంలో 35 శాతం, 10 లక్షల రూపాయలకు మించకుండా రాయితీ కల్పించారు. దరఖాస్తు నింపిపెట్టే చదువుకున్న యువకుడు ఒక్కడు ప్రతి మస్జిద్ కమిటీలో ఉంటే చాలు.

అయితే ఒక మాట మనకు మనం చెప్పుకోవాలి. ఖుర్ఆన్‌లో సూరె బఖరా 168వ ఆయత్ ముస్లింలను మాత్రమే గాక మానవులందరినీ సంబోధిస్తుంది; హలాల్‌తో పాటు తయ్యిబ్, అంటే పరిశుద్ధమైనది, అనే షరతు పెడుతుంది. జబీహా కోడిని నాలుగు రోజులు కాగిన నల్లటి నూనెలో వేయించి అమ్మితే అది తయ్యిబ్ ఎలా అవుతుంది? మాటిమాటికీ కాగిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడరాదని 2018 జూలై నుండి నియమం ఉంది. వార్తాపత్రికలో వేడి బజ్జీలు చుట్టరాదనీ నియమం ఉంది. మన బండ్ల మీద ఈ రెండూ పాటింపబడితే అపవాదులకు అంతకు మించిన జవాబు ఉండదు.

కాబట్టి మేము కోరేది మూడే. కంపెనీలు ప్రతి పదార్థం మూలాన్ని రాయాలి. అది తెలుగులో, చదవగలిగే అక్షరాలలో ఉండాలి. అధికారులు వదంతి వ్యాప్తి చేసినవారిని ప్రశ్నించాలి గాని బండి నడిపేవాని పేరును కాదు. మన మస్జిద్‌లు నెలకు ఒక జుమానాడైనా పొట్లం చదవడం ఎలాగో పిల్లలకు చూపాలి.

ఆ సోదరి విషయంలో మేము కొందరం నమోదు పత్రం చేతబట్టుకుని ఆమెతో పాటు పాఠశాలకు వెళ్లాము. వంటగదిని చూడవచ్చని తల్లిదండ్రులను ఆహ్వానించాము. ఇద్దరు తల్లులు వచ్చారు, చూశారు, అక్కడే కూర్చుని వేడి సమోసాలు తిన్నారు. రెండు నెలలకు సగం ఆర్డరు తిరిగి వచ్చింది. మిగిలిన సగం ఇంకా రాలేదు. అది రావాలంటే ఇంకా ఎందరో తల్లులు ఆ గడప లోపలికి అడుగుపెట్టాలి. వారిని పిలవవలసిన బాధ్యత మనదే.